మెట్ల లెక్క

వల్పరాయిసోలో కొండలు నలభై పైచిలుకంటారు.
నేను కొండల్ని లెక్కపెట్టలేదు,
మెట్లని లెక్కపెట్టాను.

మొదటి ఏడాది నాకు సంచీ మొయ్యడమే ఉద్యోగం.
అంబులెన్సులో నా పెద్ద, నొల్బెర్తో,
బండి ఖాళీగా ఆగినప్పుడల్లా నా కళ్ళకి గంతలు కట్టేవాడు.
"కత్తెర. కట్టుగుడ్డ. పసిపిల్లల మాస్కు.
చేత్తో వెతుకు, యాస్నా. కరెంటు పోయిన ఇంట్లో కళ్ళుండవు."
ఎడమ అర, రెండో జేబు, అడుగున.
నిద్రలో కూడా నా వేళ్ళు జిప్పులు లాగేవి.
ఒకావిడ నాడి చూడమన్నాడు, చూశాను,
నిమిషానికి నూట ముప్ఫై అన్నాను.
"అది నీది," అన్నాడు.
"బొటనవేలు తీసేసి, ఆవిడది చూడు."

తర్వాత చేతులొచ్చాయి.
ఎలా వచ్చాయంటే చెప్పలేను, ఈత వచ్చినట్టు వచ్చాయి.
మలుపులో బండి ఒరుగుతుండగా
ఎండిపోయిన ముసలి నరంలోకి ఒక్క పోటుకి సూది దించేదాన్ని.
దించి, అందరికీ వినపడేలా "అయింది!" అనేదాన్ని.
ఆ కేక తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.
రేవు కూలీలు నన్ను చూసి దారిచ్చేవాళ్ళు.
వీధికుక్కలు కూడా, అని నాకనిపించేది.

ఆ ఊపులోనే మరిపోసా కొండెక్కాను ఒక సాయంత్రం.
వంటింట్లో దోన్ ఎలీసియో,
ముందు రొట్టె, అవకాడో, సగం తాగిన టీ.
మిషను గీతలు బాగున్నాయి. రక్తపోటు బాగుంది.
"ఏం లేదమ్మా, అజీర్తి," అన్నాడాయన.
గుమ్మంలో నిలబడ్డ భార్య ఒక్క మాటే అంది:
"టీ సగంలో వదిలే మనిషి కాదు."
కాగితం మీద సంతకం పెట్టించుకుని దిగిపోయాను.
తొంభై ఒక్క మెట్లు.
తెల్లారి మళ్ళీ ఎక్కాను, అవే తొంభై ఒకటి.
కప్పు అక్కడే ఉంది.

ఆ తర్వాత చాన్నాళ్ళు నేను నేర్చుకున్నదల్లా
నోరు మూసుకోవడం.
గుమ్మంలో ఉన్నవాళ్ళని ముందు అడగడం,
చెప్పులు ఎటు పడున్నాయో చూడడం,
పరిగెత్తకుండా త్వరగా వెళ్ళడం.
నాలుగు కోర్సులు చేశాను, సర్టిఫికెట్లు గోడకున్నాయి.
సగం తాగిన టీ గురించి ఒక్కదాన్లోనూ లేదు.

నలభై ఆరో ఏట మోకాళ్ళు చెప్పేశాయి, ఇక మావల్ల కాదని.
ఇప్పుడు కిటికీ లేని గదిలో కూర్చుంటాను,
ఒక చెవికి ఫోను, ఒక చెవికి వైర్లెస్సు.
మొదటి వారం
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
వాటి మీదే కూర్చున్నాను.

నిన్న రాత్రి ఒక పిల్లాడు. పదమూడేళ్ళుంటాయేమో.
"తాత లేవట్లేదు. ఊపిరి లేదు."
పేరడిగాను. బాస్తియాన్.
ఫోను నేలమీద పెట్టు, బాస్తియాన్, స్పీకరు నొక్కు.
అరచెయ్యి ఛాతీ నడుమ, దాని మీద రెండోది,
మోచేతులు వంచకు, గట్టిగా, నాతోపాటు లెక్కపెట్టు.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
నా చేతులు బల్లని నొక్కుతున్నాయి,
కాఫీ చిందుతోంది. చిందనీ.

రెండో చెవిలో ఇగ్నాసియా, చేరి ఆరునెల్లయింది,
కింద వీధిలో బండి దిగి, పైకి చూసి, ఆగిపోయింది.
పొగమంచు. ఒక్క దీపం లేదు.
"నూట పద్నాలుగు," అన్నాను.
"అరవై దగ్గర కమ్మీ అయిపోతుంది, కుడిగోడ పట్టుకో.
ఎనభై మూడోది విరిగింది, దాటెయ్.
పైన నీలం తలుపు, లోపలికి తోయాలి."
"మీకెలా..."
"ఎక్కు."

ఒక చెవిలో పిల్లాడి లెక్క, ఒక చెవిలో ఆమె అడుగులు.
ఏ అంకె ఎవరిదో కాసేపు తెలియలేదు.
ఎనభై రెండు.
చిన్న గెంతు.
ఎనభై నాలుగు.

తలుపు చప్పుడు. పిల్లాడి ఏడుపు. సంచీ జిప్పు.
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత ఆమె, వగరుస్తూ:
"నాడి దొరికింది! గట్టిగా ఉంది, నూట ముప్ఫై..."

"ఇగ్నాసియా," అన్నాను,
"బొటనవేలు తియ్యి."